వెనక సీటు మనిషి

నా సంగతి ముందు నాలుగు మాటల్లో చెప్పేస్తాను. అది తెలియకపోతే ఆకాశం సంగతి అర్థం కాదు.

నేను కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా దిగినవాణ్ణి. పల్లె బడిలో ఒకే గది, ఒకే పంతులు. ఆయన నేర్పిన చదువుతోనే జీవితమంతా రిపోర్టులు రాశాను. నా రిపోర్టులో ఒక్క మాట కొట్టేసి దిద్దిన ఆఫీసరు లేడు. కొండ మీది పై ఊరికి మొదటి దీపం వెలిగించిన లైను నేను దగ్గరుండి లాగించిందే. ప్రతి స్తంభం మొదట్లో సిమెంటు గద్దె పోయించాలని పట్టుబట్టి పోయించిందీ నేనే. దండగ ఖర్చన్నారు అప్పట్లో. గాలివానకు కింది లైన్లన్నీ పడుకుంటే నా గద్దెల మీది స్తంభాలు మాత్రం నిలబడి ఉన్నాయి. అందుకు పెద్ద ఇంజనీరు చేతుల మీదుగా షీల్డు అందుకున్నాను. అది మా టీవీ పక్కన ఇప్పటికీ ఉంది. వీటన్నిటికీ మించిన మాట ఒకటుంది. ఆఫీసు మోటారు సైకిలు మీద వెనక మనిషిని ఎక్కించుకుని రాళ్ళ దారిలో అన్నేళ్ళు తిరిగాను. ఆ మనిషిని ఒక్కసారి కూడా కింద పడెయ్యలేదు. గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటే అనుకోండి. గొప్పే మరి.

ఆ వెనక మనిషే ఆకాశం.

కొండ లైను చూసి రావడానికి మా సెక్షన్లో ఒక పద్ధతి ఉండేది. బండి మీద ఇద్దరు వెళ్ళాలి. ముందువాడి చూపు దారి మీద, వెనకవాడి చూపు తీగ మీద. ముందువాడు పైకి చూడకూడదు, వెనకవాడు కిందికి చూడకూడదు. వెనకవాడికి తీగలో పోగు తెగినట్టుగానీ, తీగను పట్టి ఉంచే పింగాణీ కప్పు పగిలినట్టుగానీ కనిపిస్తే ముందువాడి భుజం మీద తడతాడు. ఒకసారి తడితే ఆపమని, రెండుసార్లు తడితే వెనక్కి తిప్పమని. నేను ఏటి గుండ్ల మధ్య నుంచి బండిని దాటిస్తుంటే, వెనక ఆయన తల వెనక్కి వాల్చుకుని, చేతులు తొడల మీద పెట్టుకుని, గాలిలో తేలుతున్నట్టు కూర్చునేవాడు. బండి ఎగిరితే తనూ ఎగిరేవాడు, మళ్ళీ సీటు మీదే దిగేవాడు. చూపు మాత్రం తీగ మీద నుంచి కదిలేది కాదు.

దాంతో ఆకాశం అని పేరు పడిపోయింది. అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. వీధిలో నడుస్తున్నా తల పైకే ఉండేది. కొట్ల ముందు వేలాడే బక్కెట్లు ఎన్నిసార్లు ఆయన నుదుటికి తగిలాయో. వయసులో ఉండగా ఒకచోటికి పిల్లను చూడటానికి వెళ్ళి, ఆ ఇంటి చూరు మీది సర్వీసు వైరు వదులుగా ఉందని దాన్నే చూస్తూ కూర్చున్నాడట. పిల్ల ఎలా ఉందిరా అని వాళ్ళక్క అడిగితే, "వైరు మార్చాలక్కా" అన్నాడట. ఆ సంబంధం తప్పిపోయింది. తర్వాత ఇంకోటి చూడలేదు.

ఆ అక్కే ఆయనకు ఇల్లూ వాకిలీ. భర్త పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చేసి, లైన్ క్వార్టర్సులోని ఒంటి గదిలో కుట్టు మిషను పెట్టుకుని బడి పిల్లల బట్టలు కుట్టేది. అప్పటికే ఆవిడకు చెవులు బొత్తిగా వినపడకుండా పోయాయి. అరిచి చెబితే పక్క క్వార్టరు వాళ్ళకు వినపడేది గానీ ఆవిడకు కాదు. కాబట్టి ఇంట్లో మాటల్లేవు, సైగలే. ఆఫీసులోనూ ఆయన నోరు విప్పేవాడు కాదు. నలుగురిలో కూర్చోబెడితే చెప్పుల వంక చూసుకునేవాడు.

అలాంటి మనిషి బండెక్కాడంటే మాత్రం ఆగేవాడు కాదు. నా చెవి దగ్గర నోరు పెట్టి ఒకటే మాటలు. కాకి ఈసారి గూడు మన బైండింగ్ వైరు ముక్కలతో కట్టిందనేవాడు. ఆ మబ్బు చూడన్నా, మన గుమాస్తా పొట్టలా ఉందనేవాడు. రాత్రి కలలో అక్కకు చెవులు వచ్చాయని, వచ్చీ రాగానే తనను తిట్టిందని చెప్పేవాడు. నేను ఊ కొట్టేవాణ్ణి. తల తిప్పకూడదు కదా, పద్ధతి. అలా మా స్నేహం అంతా నా వీపుకూ ఆయన నోటికీ మధ్యే జరిగింది. ఎదురెదురుగా కూర్చుని మేం మాట్లాడుకున్నది బహు తక్కువ. ఆయన మొహం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ఒక్క క్షణం ఆలోచించాల్సి వచ్చేది. గొంతయితే నిద్రలో కూడా గుర్తుపడతాను.

నేను రిటైరయ్యాను. సన్మానం బాగానే చేశారు, శాలువా మంచిదే కప్పారు. నా తర్వాత ముందు సీటుకు ఇంకొకతను వచ్చి కొద్ది నెలలకే బదిలీ చేయించుకుని పోయాడు. "వెనకాయనతో తిరగడం చెవికి రేడియో కట్టుకున్నట్టుంది" అన్నాడట. ఆ తర్వాత ఎవరు దొరికితే వాళ్ళే ముందు కూర్చునేవారు. అదే ఏడాది వాళ్ళక్క పోయింది.

ఆ తర్వాత ఒకసారి ఆయన గదికి వెళ్ళాను. మంచం, ఒక గ్యాసు పొయ్యి, గోడకు తగిలించిన సేఫ్టీ బెల్టు. కుట్టు మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డ మీదే కంచం పెట్టుకుని నిలబడి తింటున్నాడు.

"కూర్చుని తినొచ్చు కదయ్యా" అన్నాను.

"కూర్చుంటే గోడ కనిపిస్తుందన్నా. నిలబడితే కిటికీ లోంచి స్తంభం కనిపిస్తుంది."

ఇంకేమీ మాట్లాడలేదు. ఎదురుగా ఉన్నాను కదా నేను.

అప్పటి నుంచి మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. మొదటిరోజు వసారాలో నా ఎదురుగా కుర్చీ వేయించాను. టీ తాగి, గ్లాసు వంక చూసి, వెళ్ళిపోయాడు. రెండోసారి వచ్చినప్పుడు ఏమనుకున్నాడో ఏమో, మూలనున్న పేము మోడా లాక్కుని నా పడక్కుర్చీ వెనక వేసుకుని కూర్చున్నాడు. కూర్చుని, "అన్నా, ఏటి వంపు దగ్గర తేనెపట్టు మళ్ళీ పట్టింది" అన్నాడు. నేను ఊ కొట్టాను. చీకటిపడేదాకా మాటలు ఆగలేదు.

మా ఇంటావిడ గడపలో నిలబడి ఇద్దర్నీ చూసి నవ్వింది. "ఈయన ముందుకు చూశాడు, ఆయన పైకి చూశాడు. ఇన్నేళ్ళూ ఇల్లు ఎవరు చూశారో ఇద్దర్లో ఒకరు చెప్పండి."

"నువ్వు చూశావు కాబట్టే కదమ్మా వదినా, కూలిపోలేదు" అన్నాడు ఆకాశం నా వెనక నుంచి. ఆవిడకు ఆయన సమాధానం చెప్పడం అదే మొదలు.

అలా జరిగిపోతుండగా కొత్త ఇంజనీరమ్మ వచ్చింది. మంచి మనిషే, చెడ్డగా చెప్పను. పై నుంచి వచ్చిన ఉత్తర్వు ఆఫీసులో అందరికీ చదివి వినిపించిందట. ఇక మీదట లైను చూడటానికి ఒక్కడే వెళ్ళాలి. ఆఫీసు బండ్లు తీసేస్తున్నారు, పెట్రోలు మాత్రం ఇస్తారు, బండి ఎవరిది వాళ్ళు కొనుక్కోవాలి. నెలాఖరున ఆకాశం ఒంటరిగా కొండ లైనంతా చూసుకుంటూ వచ్చి, పై ఊరి స్విచ్చుల దగ్గర ఆవిడకు కనిపించాలి. రాలేకపోతే సబ్‌స్టేషన్లో మీటరు గది డ్యూటీ.

ఆ గది నాకు తెలుసు. నాలుగు గోడలు, ట్యూబులైటు, తేనెటీగల్లా మోగే పెట్టెలు. కిటికీ లేదు. ఆకాశాన్ని అందులో కూర్చోబెడితే మనిషి ఏమవుతాడో ఇంజనీరమ్మకు తెలియదు. నాకు తెలుసు.

ఆ సాయంత్రం వచ్చి మోడా మీద కూర్చున్నాడు.

"అన్నా."

"చెప్పు."

"మోటారు సైకిలు కొనాలట."

"ఎవరు?"

"నేనే."

వెనక్కి తిరగబోయాను.

"తిరక్కన్నా. చెబుతున్నాగా."

లైసెన్సు ఉంది ఆయనకు. ఎప్పుడో ఆఫీసులో అందరితో పాటు తీయించాను. చదును రోడ్డు మీద బండి నడపడం వచ్చు. కానీ కొండ మీద ముందు సీట్లో కూర్చున్న పాపాన పోలేదు. డబ్బు సంగతి చూసుకోనక్కర్లేదు. తన కోసం ఖర్చు పెట్టుకోవడం తెలియని మనిషి దగ్గర జీతం ఏం చేస్తుంది, ఉంటుంది. కావలసిందల్లా ఏ బండి కొనాలో చెప్పేవాడు. ఈ చుట్టుపక్కల ఆ మాట చెప్పడానికి నాకంటే తగినవాడు ఉన్నాడా? మర్నాడే ఇద్దరం బస్సెక్కి షోరూముకు పోయాం.

కొండల్లో తిరిగే బండ్లు అక్కడ రెండున్నాయి. ఒకటి చిన్నది, ధర తక్కువ. సీటు కిందికి ఉంది, కాళ్ళు నేలకు ఆనుతాయి. సీటు పొడుగ్గా ఉంది, ఇద్దరు హాయిగా కూర్చోవచ్చు, వెనక పట్టుకోవడానికి కడ్డీ కూడా ఉంది. రెండోది పెద్దది, ధర మొదటిదానికి ఒకటిన్నర రెట్లు. ఎత్తుగా గుర్రప్పిల్లలా నిలబడి ఉంది. ముందు షాక్ అబ్జార్బర్లు చేయంత పొడుగు, టైర్లకు వేలెడేసి గుబ్బలు. సీటు సన్నగా, ఒక్క మనిషికే. వెనకాల ఇంకెవరికీ చోటు లేదు.

టై కట్టుకున్న అమ్మకాలాయన పెద్ద బండి వైపే లాగుతున్నాడు. "సార్, ఇది రాయీ రప్పా చూడదు. కొండ ఎదురొస్తే కొండే పక్కకు తప్పుకోవాలి."

"కొండలు తప్పుకోవడం నేను చూడలేదులే నాయనా, అక్కడే పనిచేశాను. మూత తీసి ఎయిర్ ఫిల్టరు చూపించు."

వంగి చూశాను, కింద చెయ్యి పెట్టి నేలకు ఎంత ఎత్తుందో చూశాను, చైను లాగి చూశాను. చూసినంత సేపూ నా మనసు చిన్న బండి మీదే ఉంది. దాని గురించి ఆకాశానికి మూడు కారణాలు చెప్పాను. ధర తక్కువ, కాళ్ళు ఆనుతాయి, బరువు తక్కువ. నాలుగోది చెప్పలేదు. నా మోకాలు అరిగింది, డాక్టరు బండి నడపొద్దన్నాడు. వెనక కూర్చోవద్దని మాత్రం అనలేదు. ఆ పొడుగు సీటు చూడగానే అందులో నాకు చోటు కనిపించింది. ఈయన ముందు, నేను వెనక. కొండ మళ్ళీ చూడొచ్చు. అంతే నా ఆశ.

"సరే ఎక్కు, కూర్చుని చూడు" అన్నాను.

ఆకాశం చిన్న బండి ఎక్కాడు. ఎక్కి, సీటు వెనక భాగంలో కూర్చున్నాడు. చేతులు తొడల మీద పెట్టుకున్నాడు. తల పైకెత్తి షోరూము కప్పు వంక చూస్తూ అలాగే ఉండిపోయాడు.

అమ్మకాలాయన తనూ ఒకసారి కప్పు వంక చూశాడు. "డ్రైవరు వస్తాడా సార్?" అన్నాడు. బల్ల దగ్గరున్న వాళ్ళందరూ ఫక్కున నవ్వారు.

ఆకాశానికి అప్పుడు తెలిసింది తను ఎక్కడ కూర్చున్నాడో. చెవులు ఎర్రబడ్డాయి. సీటు మీదనే ముందుకు జరిగి హ్యాండిలు పట్టుకున్నాడు. చిన్నపిల్లవాడు వాళ్ళ నాన్న చెప్పుల్లో కాళ్ళు పెట్టినట్టుంది.

"ఎందుకయ్యా నవ్వుతారు? ఆ చోట కూర్చుని ఈయన చూసిన తీగల మీదనే మీ షోరూములో ఇన్ని లైట్లు వెలుగుతున్నాయి" అన్నాను. నవ్వు ఆగింది. కానీ నేను నవ్వలేకపోయింది ఆ కారణంతో కాదు. ఆ మనిషి అక్కడ కూర్చుని ఎదురు చూశాడు. ఎవరి కోసమో వేరే చెప్పాలా?

షోరూము వెనక కంకర కుప్పలున్న ఖాళీ జాగా ఉంది. రెండు బండ్లూ అక్కడ నడిపి చూసుకోమన్నారు. ముందు చిన్నది తీశాం. నేర్పేవాణ్ణి నేనే కనుక వెనక కూర్చున్నాను. నా జీవితంలో వెనక సీటు ఎక్కడం అదే మొదటిసారి. కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ముందున్నవాడి మెడ తప్ప ఏమీ కనిపించదు. ఇన్నేళ్ళు ఆయన ఈ మెడ చూస్తూ మాట్లాడాడన్నమాట అనుకున్నాను.

"క్లచ్ మెల్లగా వదులు. ఆఁ, పోనీ. కుప్ప పక్క నుంచి."

పోనిచ్చాడు. బాగానే పోనిచ్చాడు. రెండో గేరు వేశాడు. ఆ జాగా మీదుగా ఒక లైను పోతోంది. దాని కిందికి వచ్చేసరికి నా కళ్ళ ముందున్న మెడ మెల్లగా వెనక్కి వాలడం మొదలుపెట్టింది.

"కిందికి చూడు! దారి!"

వినపడలేదు. ఒకసారి తట్టాను భుజం మీద. ఆపలేదు, ఎందుకంటే తట్టేది ఎప్పుడూ ఆయనే, తట్టించుకోవడం అలవాటు లేదు. బండి కంకర కుప్ప ఎక్కి, ఇద్దర్నీ మెత్తగా పక్కకు ఒరగేసి ఆగిపోయింది. దెబ్బలేం తగల్లేదు. నా ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. వెనక మనిషిని పడెయ్యని వంశం నాతోనే ఆగిపోయిందనుకున్నాను.

ఇంకోసారి తిప్పాం. మళ్ళీ తీగ కిందికి రాగానే మెడ వాలింది. ఈసారి అరిచి ఆపించాను.

"ఏమయ్యా, ఎందుకు చూస్తున్నావు పైకి?"

"నేను చూడటంలేదన్నా. అదే పోతోంది."

పెద్ద బండి ఇచ్చారు. దాని మీద నాకు చోటు లేదు, గట్టు మీద నిలబడ్డాను. కాలి వేళ్ళే ఆనుతున్నాయి ఆయనకు. భయం భయంగా ఒక పక్కకు ఒరిగి ఎక్కాడు. బయలుదేరేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ముందుకు తిరిగి పోనిచ్చాడు. తీగ కిందికి వచ్చాడు. తల పైకి పోలేదు. కుప్పల మధ్య నుంచి వంకర తిప్పుకుంటూ, గుంతలో దిగి ఎక్కి, అవతలి గోడ దాకా పోయి తిరిగొచ్చాడు. నా మాట నమ్మండి, మొదటిసారికి అది చాలా మంచి నడక.

వచ్చి ఆపి దిగాడు. నా ఎదురుగా నిలబడి చెప్పుల వంక చూసుకున్నాడు. నాకు అర్థమై, మొహం అవతలికి తిప్పుకుని కంకర కుప్పల వంక చూస్తూ నిలబడ్డాను. అప్పుడు నా వెనక నుంచి చెప్పాడు.

"చిన్నదాని మీద వంటికి మనిషి తగులుతూ ఉంటే నేను పాత బండి మీదే ఉన్నట్టుందన్నా. నడిపేవాడు ఉన్నాడులే అనుకుని కళ్ళు పైకి పోతున్నాయి. దీని మీద ఎవరూ లేరని తెలిసిపోతోంది."

"తెలిస్తే?"

"దారి కనిపిస్తోంది."

నేను పొడుగు సీటు వంక చూశాను. ఎండలో నల్లగా మెరుస్తోంది. ఒక్కడే తిరిగినా ఆ ఖాళీ చోటు ఆయన వెనకే ఉంటుంది, ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి జరిగి అందులో కూర్చుంటాడు. నా కోసం దాన్ని కొనిపిస్తే ఆయన తల నేనే పైకి తిప్పినట్టు. అది కొండ, కంకర కుప్ప కాదు.

"పెద్దదే తీసుకో" అన్నాను.

"ధర ఎక్కువ కదన్నా?"

"నీకంటే ఎక్కువా? తీసుకో."

పెద్ద బండి వచ్చింది. వచ్చాక తెలిసింది అసలు చిక్కు. ఆకాశానికి దారి తెలియదు! నవ్వకండి. ఆ కొండ మీద ఉన్న ప్రతి స్తంభం, ప్రతి కప్పు, ప్రతి కాకి గూడు ఆయనకు కంఠతా వచ్చు. స్తంభానికీ స్తంభానికీ మధ్య నేల మీద ఏముందో చూడలేదు. పద్ధతి కదా, కిందికి చూడకూడదు. నాకేమో నేల మీది ప్రతి రాయీ తెలుసు, దాని పైన ఏ స్తంభముందో తెలియదు. ఒకే కొండ మీద తిరిగి ఇద్దరం రెండు కొండలు చూశాం.

ఇక ప్రతి సాయంత్రం అదే పని. నేను పడక్కుర్చీలో, ఆయన వెనక మోడా మీద.

"కొండ మొదట్లో గేటు దాటాక జారుడు బండ. దాని మీద బ్రేకు వెయ్యకు" అనేవాణ్ణి.

"అది ఏ స్తంభం అన్నా?"

"స్తంభం నాకేం తెలుసయ్యా? కుడి పక్క ముళ్ళపొద ఉంటుంది."

"ముళ్ళపొద నాకేం తెలుసన్నా? మబ్బులు అడుగు, చెబుతాను." మళ్ళీ తనే, "బండి జర్రున జారినట్టయ్యేది, మనిద్దరం ఊపిరి బిగబట్టేవాళ్ళం, అదేనా?" అనేవాడు.

"అదే."

"అయితే అడ్డకమ్మీ రెండు చేతుల్లా చాచిన స్తంభం. ఎడమ చేతి కప్పు మార్చాం."

అలా నా రాళ్ళూ ఆయన స్తంభాలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటూ, కూర్చున్న చోటు నుంచే కొండంతా ఎక్కి దిగాం. మా ఇంటావిడ అంది, "ఇద్దరూ ఇంత కబుర్లాడుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు. కొండ పెద్దదా, మాటలు పెద్దవా?" నిజం చెప్పాలంటే, నా ఉద్యోగంలో కూడా అంత మంచిరోజులు లేవు.

ఇంకొక మాట అడిగాను ఒకరోజు. "ఒక్కడివి దారి చూస్తే మరి తీగ ఎవరు చూస్తారు?"

"ఆగి చూస్తానన్నా. ప్రతి స్తంభం దగ్గరా."

"వేళ్ళు మాత్రమే ఆనే బండి, ఎక్కడ ఆపుతావు?"

"నువ్వు పోయించిన గద్దెలున్నాయిగా. వాటి మీద ఎడమకాలు పెడతాను."

దండగ ఖర్చన్నారు ఆనాడు! ఇంటావిణ్ణి పిలిచి ఆ మాట మళ్ళీ చెప్పించాను.

నెలాఖరు వచ్చింది. పొద్దున్నే మా ఇంటి ముందు నుంచి పోయాడు. ఆగలేదు, చెయ్యి కూడా ఊపలేదు, రెండు చేతులూ హ్యాండిలు మీద బిగించి ఉన్నాయి. నేను నేర్పిందే అది. ఇంజనీరమ్మ జీపులో చుట్టూ తిరిగే రోడ్డు మీద పై ఊరికి ముందే వెళ్ళిపోయింది.

కొండ లైను మా ఇంటి వెనక నుంచే ఎక్కుతుంది. కుర్చీ పెరట్లోకి వేయించుకుని కూర్చున్నాను. కంటికి పొరలు వచ్చాయి, అంత దూరం కనిపించదు. వినడమే. ఇంజను మోత కాసేపు వచ్చి ఆగింది. మొదటి గద్దె. పైకి చూస్తున్నాడు. మళ్ళీ మోత. మళ్ళీ ఆగింది. చూస్తున్నాడు. నా తల కూడా మెల్లగా వెనక్కి వాలింది, చూసేందుకు అక్కడ ఏమీ లేకపోయినా.

జారుడు బండ దగ్గర మోత సన్నబడి, ఆగకుండా దాటింది. బ్రేకు వెయ్యలేదు. ఊపిరి వదిలాను. ఏటి వంపు దగ్గర ఆగింది. ఆగి, ఎంతకీ మళ్ళీ రాలేదు. అక్కడ మేము ఎప్పుడూ బండి దిగి సీసాలో నీళ్ళు తాగేవాళ్ళం. మొదట నేను, తర్వాత ఆయన. పడ్డాడా? బండి మీద పడిందా? లేవబోయాను, మోకాలు ఒప్పుకోలేదు.

"ఆ పైన ఏమైందో చూసి రమ్మని ఎవర్నైనా పంపనా?" అంది ఇంటావిడ.

"ఉండు."

మోత వచ్చింది. మెల్లగా మొదలై, పైకి పైకి పోయి, శిఖరం దాటి, ఆ పక్కకు దిగిపోయింది. ఇంక ఏమీ వినపడలేదు.

పై ఊరికి చేరాడు. ఇంజనీరమ్మ టైము చూసుకుని, "తీగ చూశారా, దారే చూశారా?" అని అడిగిందట. ఏటి వంపు తర్వాతి స్తంభంలో మధ్య కప్పుకు వెంట్రుకవాసి బీట ఉందన్నాడట. మనిషిని ఎక్కించి చూస్తే ఉంది. కొండ లైను ఆయనకే రాసిచ్చింది. మీటరు గది తప్పింది.

ఆ సాయంత్రం వచ్చి మోడా మీద కూర్చుని అంతా చెప్పాడు. ఏటి వంపు దగ్గర ఎందుకంత సేపు ఆగావని అడిగాను.

"నీళ్ళు తాగానన్నా. మొదట నీ వంతు కదా, ఆగాను. తర్వాత నా వంతు తాగాను."

నేను ఊ కొట్టాను.

ఇదంతా జరిగి చాలా కాలమైంది. ఆకాశం ఇప్పుడు ఆ లైను మీద మా ఇద్దరికంటే బాగా తిరుగుతున్నాడని ఇంజనీరమ్మే నాతో అంది. మొహం ఎండకు కమిలి బండి తోలేవాడి మొహమైంది. వీధిలో నడుస్తుంటే ఇప్పుడు తల తిన్నగా ఉంటుంది, బక్కెట్లు తగలవు. పేరు మాత్రం అలాగే ఉంది. నేను నేర్పిన మనిషి, అది నేను చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు?

మా ఇంటికి వస్తాడు. అప్పుడప్పుడూ వస్తాడు. హెల్మెట్ తీసి కింద పెట్టి, అందరిలాగే నా ఎదురుగా కుర్చీలో కూర్చుంటాడు. ఎప్పటి నుంచి మారాడో నాకు గుర్తులేదు, ఒకరోజు చూస్తే ఎదురుగా ఉన్నాడు. మోకాలు ఎలా ఉందన్నా అంటాడు. బాగానే ఉంది అంటాను. లైను ఎలా ఉంది అంటాను. బాగానే ఉందన్నా అంటాడు. టీ తాగుతాడు. గ్లాసు వంక చూస్తాడు. మొహం మంచి మొహం, ఇప్పుడు నాకు బాగా గుర్తు. తిరిగి గదికి పోయి మిషను మీద కంచం పెట్టుకుంటాడు కాబోలు.

కుర్చీ వెనక మోడా అలాగే ఉంది. నిన్న మా ఇంటావిడ దాని మీద ఉల్లిపాయల బుట్ట పెట్టింది. పెట్టి నా వంక చూసింది. నేను ఊ కొట్టాను.